ముందు అంకె, తర్వాత కార్డు

 

పోయిన వారం మన కేంద్రంలో ఒక అక్క తన బ్యాంకు కార్డు తెచ్చి చూపించింది. "టీచరమ్మా, దీని మీద ఈ నాలుగు వంకర గీతలేంది? చెరువులో రాయి వేస్తే లేచే అలల మాదిరి ఉన్నాయి" అని అడిగింది. మంచి ప్రశ్న అడిగింది. ఈ రోజు దాని గురించే మాట్లాడుకుందాం.

ముందుగా నేను చేసిన ఒక తప్పు చెబుతాను. వినండి.

అది 2019వ సంవత్సరం. నేను టీచరు ట్రైనింగు చదువుతున్నాను. అంతకుముందు కార్డు వెనక నల్ల పట్టీ ఉండేది. అంగట్లో ఆ పట్టీని మిషనులో గీకేవాళ్ళు. తర్వాత కార్డు ముందువైపు బంగారు రంగు చిప్పు వచ్చింది. ఉత్త నల్ల పట్టీ ఉన్న కార్డులన్నీ 2018 డిసెంబరు 31లోగా మార్చి, చిప్పు కార్డులు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. అట్లా మా అమ్మకు కూడా కొత్త కార్డు వచ్చింది. దాని మీద ఈ అలల గుర్తు ఉంది. అదేమిటో అమ్మకు తెలియదు. నిజం చెప్పాలంటే నాకూ తెలియదు.

ఒక రోజు అమ్మా నేనూ టౌనుకు వెళ్ళాం. ఒక అంగట్లో కందిపప్పు, చక్కెర, సబ్బులు తీసుకున్నాం. 185 రూపాయలు అయింది. చేతిలో చిల్లర లేదు. కార్డు ఇచ్చాను. అంగట్లో కుర్రాడు కార్డు చూసి, "అక్కా, ఇది కొత్త రకం. గీకే పని లేదు, నంబరు కొట్టే పని లేదు. ఇట్లా తాకిస్తే చాలు" అన్నాడు. తాకించాడు. మిషను 'టింగ్' అంది. చీటీ బయటికి వచ్చింది. అంతే! కళ్ళు మూసి తెరిచే లోపల అయిపోయింది. నాకు భలే సరదా అనిపించింది. చీటీని ఉండ చుట్టి సంచిలో పడేశాను.

బస్టాండులో కూర్చున్నాం. అమ్మ ఆ చీటీ తీసి సాపు చేసింది. మా అమ్మ 1990ల మొదట్లో, సాక్షరతా ఉద్యమం మా ఊరికి వచ్చినప్పుడు, రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. అప్పటినుంచీ కాగితం ముక్క కనపడితే చదవాల్సిందే. బస్సు బోర్డు చదువుతుంది. ఉప్పు ప్యాకెట్టు చదువుతుంది. ఆ చీటీని కూడా వేలు పెట్టి కూడబలుక్కుంది.

"ఒకటి... ఎనిమిది... అయిదు... సున్న. ఇదేందే? మనకు అయింది నూట ఎనభై అయిదు గదా! ఈ సున్న ఎక్కడిది?"

"అది పైసల సున్న అయి ఉంటుందిలేమ్మా" అన్నాను నేను, చూడకుండానే.

"పైసల సున్నలు చుక్క తర్వాత ఉంటాయి. అవి రెండు విడిగా ఉన్నాయి. చుక్కకు ముందు మూడంకెలు ఉండాలి. ఇక్కడ నాలుగు ఉన్నాయి."

చీటీ లాక్కుని చూశాను. 1850.00 అని ఉంది. నా గుండె జారిపోయింది.

ఎన్ని రూపాయలు ఎక్కువ పోయాయో లెక్క వేయండి. 1,850లో నుంచి 185 తీసేస్తే 1,665 రూపాయలు. ఆ డబ్బు మా అమ్మ ఉపాధి పనికి పోయి సంపాదించింది. ఆ ఏడు మన దగ్గర ఉపాధి కూలి రేటు రోజుకు 211 రూపాయలు. అంటే దాదాపు ఎనిమిది రోజుల కూలి. ఎండలో మట్టి మోసిన ఎనిమిది రోజులు, ఒక్క 'టింగ్'తో పోయాయి!

పరుగున అంగడికి వెళ్ళాం. అంగడాయన ముందు నమ్మలేదు. అమ్మ గొడవ పడలేదు. సరుకుల బిల్లు ఒక పక్కన, మిషను చీటీ ఒక పక్కన బల్ల మీద పెట్టింది. రెండు అంకెల మీదా వేలు పెట్టి చూపించింది. ఆయన చూశాడు. కుర్రాణ్ణి పిలిచాడు. ఆ మిషనులో పైసలతో కలిపి అంకెలు కొట్టాలి. 185 రూపాయలు కావాలంటే 18500 అని నొక్కాలి. కుర్రాడు తొందరలో ఇంకొక సున్న నొక్కాడు. మోసం కాదు, వేలు తడబడింది. ఆయన ఆ లెక్క రద్దు చేసి, రద్దయినట్లు చీటీ ఇచ్చాడు. మళ్ళీ 185కు తాకించాం. ఈసారి అమ్మ మిషను మీద అంకె చూసి, "ఊఁ" అన్న తర్వాతనే తాకించాం. మూడో రోజు బ్యాంకులో చూసుకుంటే డబ్బు తిరిగి జమ అయి ఉంది.

దారిలో అమ్మ ఒకే మాట అంది. "నీకు చదువొచ్చు. కానీ చదవలేదు."

ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. అందుకే మీ ముందు చెబుతున్నాను.

ఇప్పుడు ఆ కార్డు ఎట్లా పనిచేస్తుందో చూద్దాం. కార్డు లోపల, చిప్పుతో పాటు, సన్నని తీగ చుట్టలా ఉంటుంది. మన కంటికి కనపడదు. కార్డులో బ్యాటరీ లేదు. మిషను నుంచి రేడియో తరంగాలు వస్తాయి. కార్డు దగ్గరికి పోగానే ఆ తరంగాల బలంతోనే తీగ చిప్పును మేలుకొలుపుతుంది. చిప్పు ఆ ఒక్క లెక్కకు మాత్రమే పనికొచ్చే ఒక గుర్తు పంపుతుంది. మరుసటి లెక్కకు కొత్త గుర్తు. ఇదంతా రెండు మూడు వేళ్ళ వెడల్పు దూరంలోనే జరుగుతుంది. ఆ నాలుగు అలల అర్థం ఇదే: తాకిస్తే చాలు.

ఇంగ్లాండులో ఇట్లాంటి కార్డులు 2007లో అంగళ్ళలోకి వచ్చాయి. మొదట పది పౌండ్ల దాకానే తాకించనిచ్చారు. మన దేశంలో 2015 మే నెలలో రిజర్వు బ్యాంకు 2,000 రూపాయల దాకా రహస్య నంబరు లేకుండా తాకించవచ్చు అంది. 2020లో కరోనా వచ్చింది. మిషను మీటలు ముట్టుకోవాలన్నా జనం భయపడ్డారు. 2021 జనవరి 1 నుంచి ఆ హద్దు 5,000 రూపాయలు అయింది. అంతకు మించితే నాలుగంకెల పిన్ నంబరు కొట్టాల్సిందే.

మీలో కొందరికి భయం ఉంది. "బస్సులో పక్కన ఎవరైనా మిషను పట్టుకుని నిలబడితే మన డబ్బు పోతుందా?" అని ఒక పిన్ని అడిగింది. అది అంత తేలిక కాదు. మిషను కార్డుకు బాగా దగ్గరగా రావాలి. పైగా ప్రతి మిషనూ ఒక బ్యాంకు ఖాతాకు కట్టి ఉంటుంది. డబ్బు ఎవరి ఖాతాలో పడిందో తెలుస్తుంది.

అసలు భయపడాల్సింది వేరే ఉంది. కార్డు పోగొట్టుకుంటే? దొరికినవాడికి పిన్ నంబరు తెలియకపోయినా చిన్న చిన్న మొత్తాలు తాకించగలడు. అందుకని కార్డు పోయిందని తెలిసిన క్షణమే బ్యాంకుకు ఫోను చేసి కార్డు ఆపించాలి. "రేపు పోదాంలే" అనకూడదు. బ్యాంకు ఫోను నంబరు చాలా కార్డుల వెనకే ఉంటుంది. కార్డు పోతే ఆ నంబరు కూడా పోయినట్టే గదా! కాబట్టి ఈ రోజే దాన్ని నోటుపుస్తకంలో రాసి పెట్టుకోండి. మీ చేత్తో మీరే రాసుకోండి. ఎవరైనా మోసం చేసి డబ్బు కాజేస్తే 1930 నంబరుకు కూడా ఫోను చేయవచ్చు.

ఇంకొక సంగతి. మన తప్పు, బ్యాంకు తప్పు లేకుండా బయటివాళ్ళు డబ్బు కాజేస్తే, బ్యాంకు కబురు అందిన మూడు పనిదినాల్లో చెప్పుకున్నవాళ్ళ మీద నష్టం పడకూడదని 2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ఇచ్చింది. అంటే ఫోనుకు వచ్చే బ్యాంకు మెసేజి చదవడం కూడా మన పనే.

తాకించే పద్ధతి మీకు వద్దనిపిస్తే దాన్ని ఆపించుకోవచ్చు. తాకించే సౌకర్యం కావాలో వద్దో, ఎంత వరకు కావాలో ఖాతాదారే చెప్పే వీలు ఉండాలని 2020 జనవరిలో రిజర్వు బ్యాంకు చెప్పింది. కొత్తగా ఇచ్చే కార్డులో మనం అడిగితేనే అది మొదలవుతుంది. బ్యాంకులో సిగ్గుపడకుండా అడగండి. కార్డు మీది, కష్టం మీది, డబ్బు మీది.

ఇప్పుడు చాలా అంగళ్ళలో ఫోనుతో డబ్బు కడుతున్నారు. అక్కడ డబ్బా పైకే చెబుతుంది, ఇన్ని రూపాయలు అందాయని. కార్డు మిషను అట్లా చెప్పదు. 'టింగ్' అని ఊరుకుంటుంది. పదికీ అదే 'టింగ్'. వెయ్యికీ అదే 'టింగ్'. అందుకని చెవిని నమ్మకండి, కంటిని నమ్మండి.

నాలుగు మాటలు గుర్తుంచుకోండి.

మిషను మీద అంకె చదివిన తర్వాతనే కార్డు తాకించాలి.
కార్డు మీ చేతిలోనే ఉండాలి. మీరే తాకించాలి.
చీటీ అడిగి తీసుకోవాలి. చుక్కకు ముందు ఎన్ని అంకెలున్నాయో లెక్కపెట్టాలి.
పిన్ నంబరు ఎవ్వరికీ చెప్పకూడదు. కార్డు కవరు మీద రాయకూడదు.

ఇప్పుడు ఈ అంకెలు పైకి చదవండి.

60.00 – అరవై రూపాయలు
600.00 – ఆరు వందల రూపాయలు
185.00 – నూట ఎనభై అయిదు రూపాయలు
1850.00 – వెయ్యి ఎనిమిది వందల యాభై రూపాయలు

చదివారా? ఒక్క సున్న ఎంత తేడా చేసిందో చూశారా?

"ఈ వయసులో మాకు అంకెలెందుకు?" అని మీలో కొందరు అన్నారు. మా అమ్మ ఆ రోజు తన ఎనిమిది రోజుల కూలి ఎట్లా కాపాడుకుందో విన్నారు గదా. రాత్రి బడిలో, లాంతరు వెలుగులో, పలక మీద దిద్దిన అంకెలే అవి.

వచ్చే వారం మీరు అంగడికి పోయినప్పుడు వచ్చిన చీటీలు పారేయకండి. కేంద్రానికి తీసుకురండి. అందరం కలిసి చదువుదాం.

సెలవు.