భుజం సర్జరీ తర్వాత మళ్లీ పోటీకి: "50 మీటర్లే కదా" అంటే దిగొచ్చా?

ఈ ఎపిసోడ్ మొత్తం ఒక్క మెయిల్ గురించే. వైజాగ్ నుంచి ఒక తమ్ముడు రాశాడు. పేరు చెప్పొద్దన్నాడు, చెప్పను. బీటెక్ ఫైనల్ ఇయర్, ఫ్రీస్టైల్ స్విమ్మర్. కుడి భుజంలో లేబ్రమ్ చిరిగితే కుట్టారు, సర్జరీ అయి నాలుగు నెలలైంది. ఇంకో ఏడు వారాల్లో ఇంటర్ యూనివర్సిటీ మీట్, కాలేజీ తరఫున అదే ఆఖరి ఛాన్స్. ఇంట్లో వాళ్లు స్పోర్ట్స్ కోటా ఉద్యోగం మీద ఆశ పెట్టుకున్నారు. కోచ్ గారేమో "200 వద్దులేరా, 50 ఒక్కటే కొట్టు, 50 మీటర్లే కదా" అన్నారట. "అన్నా, దిగమంటావా?" అని అడుగుతున్నాడు.

నేను డాక్టర్ని కాదు, కోడ్ రాసుకునేవాణ్ని. దిగాలా వద్దా అనేది ఆపరేషన్ చేసిన డాక్టర్ గారు చెప్పాల్సిన మాట. కానీ ఆ "50 మీటర్లే కదా" ఉంది చూడండి, దాని మీద మాత్రం మాట్లాడాలి.

ముందు భుజం ఎలా ఉంటుందో చూద్దాం. తుంటి కీలులో బంతి లోతైన గిన్నెలో కూర్చుంటుంది. భుజంలో అంత లోతు ఉండదు, చిన్న సాసర్ మీద పెద్ద బంతి పెట్టినట్టు ఉంటుంది. అందుకే చెయ్యి అన్ని వైపులా తిరుగుతుంది, అందుకే తేలిగ్గా జారుతుంది కూడా. ఆ సాసర్ చుట్టూ ఉండే మెత్తటి అంచే లేబ్రమ్. దాని చుట్టూ రొటేటర్ కఫ్ అనే నాలుగు కండరాలు బంతిని మధ్యలో పట్టి ఉంచుతాయి. చిరిగిన అంచుని కత్తిరించి శుభ్రం చేస్తే కోలుకోవడం కాస్త తొందరగా అవుతుంది. కుట్టి ఎముకకి అతికిస్తే మాత్రం ఆ అతుకు గట్టిపడే దాకా ఆగక తప్పదు. నొప్పి తగ్గడం వేరు, అతుకు గట్టిపడడం వేరు. తిప్పలన్నీ అక్కడే వస్తాయి, ఎందుకంటే నొప్పి ముందే తగ్గిపోతుంది.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. రోజుకి 6 కిలోమీటర్లు ఈదేవాడు 50 మీటర్లకి 40 స్ట్రోకులు వేస్తాడనుకోండి. రోజుకి 4,800 స్ట్రోకులు, అంటే ఒక్కో చేతికి 2,400. వారంలో ఆరు రోజులకి ఒక్కో భుజం 14,400 సార్లు తిరుగుతుంది. మన ఇంట్లో ఏ తలుపూ అన్నిసార్లు తెరవం. కాబట్టి ట్రైనింగ్‌లో ప్రమాదం ఎక్కువగా లెక్కతో వస్తుంది.

50 మీటర్ల రేసు అలా కాదు. అక్కడ లెక్క తక్కువ, బలం ఎక్కువ. బ్లాక్ మీద నుంచి దూకి, రెండు చేతులూ తల పైకి చాచి, నీళ్లని ఢీకొడతావు. తర్వాత ప్రతి పుల్ ఫుల్ పవర్‌తోనే. చివర్లో వేగంగా వచ్చి చెయ్యి చాచి గోడని తాకాలి. మెల్లగా 400 మీటర్లు ఈదితే కుట్టిన చోట పడే లోడ్ కంటే ఇది ఘోరం. దూరం తక్కువ కదా అని రేసు తేలిక అనుకోవడం, టెస్టింగ్ లేకుండా శుక్రవారం సాయంత్రం ప్రొడక్షన్‌లోకి తోసేసి "రెండు లైన్ల మార్పే కదా" అనడం లాంటిది. సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఆ వీకెండ్ ఎలా గడుస్తుందో తెలుసు.

"మరి కైల్ చామర్స్ రాలేదా అన్నా?" అని కూడా రాశాడు. వచ్చాడు. 2016 రియోలో 100 మీటర్ల ఫ్రీస్టైల్ గోల్డ్ కొట్టిన ఆస్ట్రేలియా కుర్రాడు. 2020 చివర్లో భుజానికి సర్జరీ అయింది. 2021 జులైలో టోక్యోలో 47.08 సెకన్లు ఈదాడు, కేలెబ్ డ్రెసెల్ 47.02. సెకనులో ఆరు వందల వంతుల తేడాతో సిల్వర్. 2023లో ఫుకువోకాలో అదే 100 మీటర్లలో వరల్డ్ ఛాంపియన్ అయ్యాడు. గొప్ప కథే, కాదనను. కానీ సర్జరీ అంటే ఒకటే రకం కాదు. ఏం కుట్టారు, ఎంత కుట్టారు అనేది మనిషి మనిషికీ మారుతుంది. ఆయన క్యాలెండర్ నీ భుజానికి పనికిరాదు. పైగా ఆయన ముందున్నది ఒలింపిక్స్. ఆ స్థాయిలో ఫిజియో రోజూ పక్కనే ఉంటాడు. మన దగ్గర ఫిజియో అంటే వారానికి రెండు సిట్టింగులు, మధ్యలో సెమిస్టర్ పరీక్షలు.

నాకైతే సజన్ ప్రకాశ్ దారి ఎక్కువ నచ్చుతుంది. ఆయనది భుజం కాదు, మెడలో డిస్క్ జారింది, 2019 చివర్లో. తర్వాత కరోనా వచ్చి పూల్స్ మూసేశారు. 2021 జూన్‌లో రోమ్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లై 1:56.38లో ఈది, ఒలింపిక్ 'ఎ' మార్కు నేరుగా అందుకున్న మొదటి భారతీయ స్విమ్మర్ అయ్యాడు. మెడ పట్టేసిన మనిషి బటర్‌ఫ్లై ఈదడం అంటే ఊహించుకోండి. ఏడాదిన్నర పట్టింది.

సరే తమ్ముడూ, ఈలోపు నీళ్లలో ఏం చెయ్యొచ్చు అంటావా? డాక్టర్, ఫిజియో ఇద్దరూ సరే అంటేనే ఇది. కిక్ ప్రాక్టీస్ చేసేటప్పుడు బోర్డు పట్టుకుని చేతులు ముందుకి చాచకు, ఆ పొజిషన్ భుజాన్ని నొక్కుతుంది. చేతులు పక్కన పెట్టుకుని వెల్లకిలా కిక్ కొట్టు. తర్వాత మెల్లగా, తక్కువ దూరంతో ఫ్రీస్టైల్. బొటనవేలు ముందు దిగేలా చెయ్యి పెట్టకు, తల మధ్య గీత దాటి అవతలికి వెళ్లనివ్వకు, ఒళ్లు బాగా దొర్లించు. ప్యాడిల్స్ అన్నిటికంటే ఆఖరున. కండరం పులిసినట్టుంటే ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. భుజం లోపల గుచ్చినట్టున్నా, రాత్రి నిద్రలో లేపినా, ఆపేసి ఫోన్ చెయ్యి.

మీట్ సంగతి. నేనైతే ఈసారి దిగొద్దనే అంటాను. కుట్టిన లేబ్రమ్‌తో పోటీకి రావడానికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా పట్టడం మామూలే. మీట్ రోజుకి నీకు ఆరు నెలలు కూడా నిండవు. కాలేజీ ఛాన్స్ పోతుంది, అది నిజమైన నష్టమే, "ఏం కాదులే" అని చెప్పను. కానీ సీనియర్ స్టేట్ మీట్‌కి వయసు అడ్డు లేదు. అమ్మానాన్నలతో కూడా ఈ మాట నువ్వే చెప్పు, కోచ్ గారి నోటి నుంచి వినే ముందే.

డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు "ఈదొచ్చా సార్?" అని అడగొద్దు, ఊరికే "ఈదొచ్చు" అనేస్తారు. డైవ్ స్టార్ట్ ఎప్పుడు చెయ్యొచ్చు, ఫుల్ స్పీడ్ స్ప్రింట్ ఎప్పుడు, రెండు భుజాల బలం కొలిచి చూశారా అని విడివిడిగా అడుగు. కుదిరితే కోచ్ గారినీ వెంట తీసుకెళ్లు. ఆయనేమన్నారో నాకు మెయిల్ చెయ్యి. ఉంటాను అండీ.