కోటను మన పిల్లలకు చూపుదము

(పాఠశాల వార్షికోత్సవమునాడు తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగము)

  

చదువు గొప్పతనమును గూర్చి ఉపన్యసించుటకు నేనీ వేదిక నెక్కలేదు. మీ పిల్లల పక్షమున ఒక్క ఆదివారమును మీనుండి యాచించుటకు వచ్చితిని. ఆ దినమున వారిని వెంటబెట్టుకొని ఫోర్టునకు పొండు. మనలో అనేకులు పనికై నిత్యము పోవుచోటే అది. కాని పనికి పోవువాడు గడియారమును చూచును గాని గడియారపు గోపురమును చూడడు.

ఫోర్టనగా కోట. సముద్రపు టొడ్డున ఇంగ్లీషువారు చుట్టును గోడ కట్టుకొని కాపురముండిన పట్టణమది. వారు మన తెలుగు తీరమున మచిలీపట్టణములో 1611లోనే వర్తకశాలను పెట్టిరి. బొంబాయి దీవులు 1661 నాటి వివాహసంధి మూలమున పోర్చుగీసువారినుండి ఇంగ్లండు రాజునకు సంక్రమించినవి. ఆయన 1668లో వానిని ఏటికి 10 పౌనుల శిస్తుపై ఈస్టిండియా కంపెనీకి ఇచ్చివేసెను. అంతట కంపెనీవారు తమ దేశపు రేవుపట్టణములను తలపించునట్లు ఇచ్చట కోటగోడ, చర్చి, నడుమ పచ్చికబయలు, సరకుల కొట్లు, కచేరీలు ఏర్పరచుకొనిరి.

మనకు దారి సులభము. గ్రాంటు రోడ్డులో రైలెక్కిన మూడవ స్టేషను చర్చిగేటు. దిగిన తరువాత ఓవల్ మైదానమునకు నడువుడు. ఆవలి ప్రక్కన ఉన్నత న్యాయస్థానము, విశ్వవిద్యాలయపు రాజాబాయి గోపురము ఒకే వరుసను నిలిచియుండును. రెండును 1878లో పూర్తియైనవి. గోపురపు ఎత్తు 280 అడుగులు. దానికై ప్రేంచంద్ రాయ్‌చంద్ అను వర్తకుడు రెండు లక్షల రూపాయలిచ్చి, తన తల్లి పేరు పెట్టించెను. తల్లి పేరు ఆకాశమున నిలిపిన కుమారుని కథ పిల్లలకు బాగుగ రుచించును. ఈ మైదానమున కిరువైపుల నున్న కట్టడముల వరుసలు 2018లో ప్రపంచ వారసత్వ సంపదలో చేరినవి.

“చర్చిగేటులో గేటేది?” అని మీ బిడ్డ అడుగకున్న మీరే అడుగుడు. కోటకు అపోలో గేటు, చర్చి గేటు, బజారు గేటు అని మూడు ద్వారము లుండెడివి. 1860 దశకమున గవర్నరు బార్టిల్ ఫ్రియర్ కాలములో గోడలతోపాటు అవియును పోయినవి. చర్చి గేటున్న తావున ఫ్లోరా ఫౌంటెను వెలసినది. దాని చెంతనే హుతాత్మ స్మారకము కలదు. తమ భాషకొక రాష్ట్రము కావలయునని సంయుక్త మహారాష్ట్రోద్యమమున ప్రాణములిచ్చినవారి చిహ్నమది. పొట్టి శ్రీరాములుగారి 1952 నాటి ఆత్మార్పణము నెరిగిన మనకు ఆ త్యాగపు విలువ ఒకరు చెప్పవలసిన పనిలేదు. అక్కడ పిల్లలచేత నమస్కరింపజేయుడు.

అచ్చటినుండి కొంతదూరము నడచిన సెయింట్ థామస్ చర్చి కానవచ్చును. గవర్నరు జెరాల్డ్ ఆంజియర్ కాలమున 1676లో మొదలై, నడుమ ఏండ్ల తరబడి ఆగిపోయి, 1718 క్రిస్మస్ నాటికి గాని తెరువబడలేదు. వెనుకటి దినములలో ఈ నగరపు మైలురాళ్ల లెక్కకు ఈ చర్చియే మొదలు. లోపలి గోడలపై చలువరాతి ఫలకములు చూడుడు. సేనానులు, అధికారులు, దూరదేశమున అకాలమరణము నొందినవారు, అందరి పేర్లును అందున్నవి. ఇవతల హార్నిమన్ సర్కిలు. అదియే నాటి పచ్చికబయలు. దాని కెదురుగ 1833లో పూర్తియైన టౌన్‌హాలు, నేటి ఏషియాటిక్ సొసైటీ భవనము. దాని మెట్లు ముప్పది. పిల్లలచేత వానిని తెలుగులో లెక్కింపజేయుడు.

కడపట ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్ చేరుడు. స్టీవెన్సు అను శిల్పి రూపొందించిన ఈ స్టేషను 1878లో ఆరంభమై పదియేండ్లు కట్టబడినది. 2004లో ప్రపంచ వారసత్వ సంపదలో చేరినది. గోడలపై నెమళ్లు, కోతులు, ఆకులు, లతలు చెక్కబడియున్నవి. దానికి దాపుననే సెయింట్ జార్జి ఆసుపత్రివైపున 1769 నాటి జార్జి కోట గోడలో మిగిలిన తునక కలదు. దానిని చేతితో తాకనిండు.

ఇక అసలు మాట. ఈ రాళ్లతో మనకేమి సంబంధము?

1784లో హార్న్‌బీ వెల్లార్డు అను కట్ట పూర్తియై సముద్రపు పోటు ఆగిన తరువాత మన పేటయున్న పల్లపు నేల క్రమముగ నివాసయోగ్యమైనది. 1795 ప్రాంతమునుండి నిజాము సీమనుండి వచ్చిన తెలుగు కూలీలు, తాపీపనివారు ఇందు గుడిసెలు వేసికొనిరి. వారిని కామాఠీలనిరి, వారి పేట కామాఠీపురా యైనది. ఈ నగరపు రోడ్లు, కట్టలు, భవనములు లేచిన కాలమున రాయి మోసిన చేతులలో వారి చేతులును కలవు. వారిలో కొందరు కంట్రాక్టర్లై, జోతిరావు ఫూలేగారు 1873లో స్థాపించిన సత్యశోధక సమాజమునకు అండగా నిలిచిరి.

అన్నియును మనవారే కట్టిరని పిల్లలతో చెప్పకుడు. అది అతిశయోక్తి యగును. మరాఠీవారు, గుజరాతీవారు, ఇంకను ఎందరో వారితో భుజము కలిపిరి. కాని చర్చిలోపల చలువరాతిపై పేర్లు చూచినప్పుడు, వెలుపల రాయి పేర్చినవాని పేరు ఏ గోడమీదను లేదని మాత్రము చూపుడు. వాని పేరు మిగిలిన తావొక్కటే: మన పేట పేరు.

ఆ పేరు చెప్పుటకే నేడు మన పిల్లలు వెనుదీయుచున్నారు. “ఎక్కడ ఉందువు?” అని యెవరేని అడిగిన “ముంబయి సెంట్రల్ దగ్గర” అని తలవంచుకొందురు. ఆ పేరునకు లోకము మరియొక అర్థమును తగిలించినది. అందు మన బిడ్డల దోషము లేదు. ఆ గల్లీలలో కష్టములపాలై బ్రదుకు స్త్రీల దోషమును లేదు. పేరునకు మొదటి అర్థము పని. దానిని బిడ్డకు చెప్పవలసినవారము మనమే.

పాత చాళ్లను తీసి క్రొత్త భవనములు కట్టు ప్రణాళికలు నడచుచున్నవి. మంచి ఇండ్లు రావలసినదే. కాని గోడలు పోయినను చర్చిగేటు పేరు నిలిచినది. చాళ్లు పోయిన పిమ్మట మనకేమి నిలుచును? కనుక ఆ ఆదివారపు సాయంకాలము ఇల్లు చేరిన తరువాత బిడ్డ ఒక పుస్తకమును తెరచి తాతగారిని, నాయనమ్మను అడుగవలయును: మన యూరేది? ఎవరు ముందు వచ్చిరి? ఏ పని చేసిరి? వారు చెప్పినది తెలుగులోనే వ్రాయవలయును. ఈ పాఠశాలలో తెలుగు నేర్పుట ఎందులకని కొందరు నన్నడుగుచుందురు. తాత చెప్పినది మనుమనికి తెలియుటకే యని నా సమాధానము. అట్టి పుస్తకములు నలుబదియైనను చేరినచో, వచ్చు సంచికను మన పిల్లలే నింపగలరు.