దుంగల బండికి కట్టుదిట్టం



సుబాబులు, జామాయిలు దుంగలను ట్రాక్టరు ట్రక్కులో వేసి, ఒక మోకు చుట్టి, "గట్టిగానే ఉందిలే" అని బయలుదేరుతారు. గడ్డిమోపు జారితే మళ్ళీ ఎత్తుకోవచ్చును. దుంగ జారి మనిషి మీద పడితే ప్రాణం దక్కదు.

లావు దుంగలు అడుగున ఉండవలెను. మొదళ్ళు, కొనలు మార్చి మార్చి పేర్చండి. రెండు పక్కలా నిలువు గుంజలు నాటండి; దుంగలు వాటి ఎత్తు మించరాదు. ట్రక్కు దాటి వెనక్కు పొడుచుకురారాదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో దీనికి 20,000 రూపాయల జరిమానా ఉన్నది. పచ్చి బెరడు జారుతుంది కనుక ముందొక కట్టు, వెనకొక కట్టు వేయండి. నైలాను తాడు సాగుతుంది. ఇనుప గొలుసు మేలు.

అసలు సంగతి వినండి. తోటలో బిగించిన కట్టు దారిలో అట్లాగే ఉండదు. కుదుపులకు దుంగలు సర్దుకుంటాయి, గొలుసు వదులవుతుంది. డొంకదారి దాటి రోడ్డెక్కగానే బండి ఆపి, మళ్ళీ బిగించవలెను. దుంగల మీద కూలీలను కూర్చోనివ్వకండి. దించేచోట చక్రాలకు రాళ్ళు పెట్టి, దుంగలు దొర్లే పక్కన ఎవరూ లేకుండా చూసి కట్టు విప్పండి.

మళ్ళీ బిగించడానికి పట్టేది చుట్ట కాల్చినంత సేపే. సెలవు.