నౌకాదళ హెలికాప్టరు: వేటయు, రక్షణయు
(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఊరి లెక్కలు వ్రాసికొనువాడు పురాణములు చదువుటయే వింత. యుద్ధయంత్రమును గూర్చి ఉపన్యసించుట మరింత వింత. కాని 2019 సెప్టెంబరులో గోదావరి గట్టున నిలిచి ఆకాశమువంక చూచిన మనకు ఈ విషయము పరాయిది కాదు.

విమానము పరుగిడిననేగాని పైకి లేవదు. లేచిన పిదప నిలువలేదు. హెలికాప్టరు నెత్తిమీది రెక్కలు గిరగిర తిరిగి గాలిని క్రిందికి నెట్టుటచే అది నిట్టనిలువుగా లేచును, గాలిలో ఒక్కచోటనే నిలుచును, ఓడమీద కొద్దిపాటి జాగాలో దిగును. నౌకాదళమునకు ఈ నిలుకడయే ముఖ్యము. అట్లు నిలిచి, సముద్రములోనికి ధ్వనియంత్రమును దించి, ప్రతిధ్వనినిబట్టి జలాంతర్గామి దాగిన చోటు కనిపెట్టి టార్పెడో విడుచును. అట్లే నిలిచి, త్రాడు దించి, మునుగుచున్న మనుష్యుని పైకి లాగును. చంపుటకును బ్రతికించుటకును ఆధారము ఆ నిలుకడ ఒక్కటే.

దీనికి నిదర్శనము మన విశాఖపట్టణముననే కలదు. అచ్చటి నౌకాదళ విమానస్థావరము పేరు ఐ.ఎన్.ఎస్. డేగ. 2007లో అమెరికానుండి జలాశ్వ అను ఓడతోపాటు యూహెచ్-3హెచ్ హెలికాప్టర్లు వచ్చినవి. వానితో 2009 మార్చి 24న సారస్ అను పేరుగల 350వ దళము ఏర్పడెను. ఈ జాతి తొలుత జలాంతర్గాముల వేటకై పుట్టినది. తరువాత వేటసామగ్రిని తీసివైచి, మనుష్యులను, సరకులను మోయుటకు చోటు కల్పించిరి. వేటాడి జీవించినవాడు మహర్షియై, కూలిన క్రౌంచమునకు జాలిగొన్న కథ మనమెరిగినదే. అయితే యంత్రమునకు మనస్సు లేదు. దాని పని నిర్ణయించునది మన మనస్సే. గాలింపునకు, రక్షణకు, విపత్తులలో సాయమునకు పదునేడేండ్లు ఉపయోగపడి ఆ హెలికాప్టర్లు 2024 జూన్ 28న విరమించినవి. 2022 జూలై 4న డేగలో దళముగా ఏర్పడిన ధ్రువ్ మూడవ రకపు హెలికాప్టర్లు స్వదేశములో తయారైనవి. వానికి మరతుపాకి అమర్పవచ్చును. రోగికి అత్యవసర చికిత్స చేయు పరికరములును అమర్పవచ్చును.

ఇక మన గోదావరి మాట. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరువద్ద పాపికొండలకు పోవు పడవ మునిగెను. నౌకాదళ హెలికాప్టరు గాలింపునకు వచ్చెను. కాని ప్రాణములతో బయటపడిన 26 మందికి ముందుగా చేయందించినది తూటుగుంట గ్రామస్థుల నాటుపడవలు. ఆకాశమునుండి ఎంత వెదకినను, లోతున చిక్కిన పడవ 38 దినములకుగాని ఒడ్డు చేరలేదు.

కనుక నా మనవి ఇది. దూరమునుండి వచ్చు సాయము గొప్పదే. మొదటి ఘడియ మాత్రము ఒడ్డున ఉన్నవారిది. లైఫ్ జాకెట్టు లేనిదే పడవ ఎక్కకుందుము. ఈ గ్రంథాలయము పూనుకొని ప్రతి వేసవిలో పిల్లలకు ఈత నేర్పించవలెను. నేర్చినవారి పేర్ల పట్టికను నేను వ్రాసిపెట్టుదును. నేను ఇంతకాలము వ్రాసిన లెక్కలన్నింటిలో అది విలువైనది కాగలదు.

సెలవు.