పంచదార పలుకు

గవర్నర్‌పేట అంగడిలో పంచదార కొను గృహిణి తొలుత చూచునది పలుకు. పలుకులన్నియు సమముగానుండి తళతళలాడినచో అది మంచి సరుకు. మన దేశమున పంచదారకు శ్రేణులు నిర్ణయించుటలోను పలుకు పరిమాణమొక కొలమానము. పెద్ద, మధ్యమ, చిన్న పలుకులకు ఎల్, ఎమ్, ఎస్ అను గుర్తులు కలవు. ఈ సమత్వమెట్లు సిద్ధించును?

విజయవాడనుండి బందరు పోవు దారిలోనున్న ఉయ్యూరున కె.సి.పి. పంచదార కర్మాగారము వెలసినది. ఇట్టి కర్మాగారములలో చెరకు రసమును శుద్ధిచేసి, చిక్కబరచి, వాక్యూమ్ పాన్‌లను పెద్ద పాత్రలలో కాచుదురు. లోపల గాలి ఒత్తిడి తక్కువగుటచే పాకము సుమారు 60, 70 డిగ్రీల సెంటీగ్రేడు వేడికే మరుగును, మాడిపోదు.

పాకము తగినంత చిక్కబడినపుడు, మెత్తగా నూరి ఆల్కహాలులో కలిపిన పంచదారను విత్తనముగా వేయుదురు. అందలి ప్రతి రేణువును చుట్టునున్న చక్కెరను గ్రహించి పలుకుగా పెరుగును. అటుపిమ్మట క్రొత్త పలుకు పుట్టరాదు. పరిమాణమును కాపాడుట యనగా సంఖ్యను కాపాడుటయే. ఒక మిల్లీమీటరు పలుకునకు పట్టు చక్కెరతో అర మిల్లీమీటరు పలుకులు ఎనిమిది తయారగును.

పాకము హద్దుమీరి చిక్కబడినచో సన్నపలుకులు అసంఖ్యాకముగా తమంత తామే పుట్టును. మొలాసిస్‌ను వేరుచేయు తిరుగుడు యంత్రములలో అవి జల్లెడ కన్నములను మూయును. కొన్ని మొలాసిస్‌తోనే జారిపోవును. ముందుగానే వేడినీటితో కరిగింతమన్న, ఆవిరియు కాలమును దండుగ. రైతు ఏడాది పొడవున పెంచిన చెరకు తీపి ఆ మేరకు చేజారును.

ఎరువులు, లవణములు చేయు కర్మాగారములలో పాకము ఒకవైపు చేరుచు, పలుకులు వేరొకవైపు వెలువడుచుండు నిరంతర పాత్రలుండును. వానిలో ఈ దోషము ఊయలవలె మరల మరల రావచ్చును. పలుకులు పెద్దవై కొలదిగా నున్నపుడు ద్రవ్యమును గ్రహించు ఉపరితలము తగ్గును. పాకము హద్దుమీరును, సన్నపలుకులు మూకుమ్మడిగా పుట్టును. వాని ఉపరితలము విస్తారమగుటచే పాకము పలుచనగును. క్రొత్తవి పుట్టుట తగ్గును. ఉన్నవి పెరిగి పెద్దవగును. దీనికి విరుగుడు రెండు విధములు: విత్తనమును నియమముగా అందించుట, అధికమైన సన్నపలుకులను వేరుచేసి కరిగించుట.

పాకపు చిక్కదనమును కొలుచు విద్యుత్పరికరములు వచ్చినను, పాన్ వద్ద పనివాడు గాజు పలకపై ఇంచుక పాకము పరచి వెలుతురునకెదురుగా చూచుట కలదు. అతడు చూచునది పలుకులెంత పెరిగినవని మాత్రమే కాదు. పిలువకయే వచ్చినవి ఏమైన ఉన్నవాయని.