ఊరు విడిచి వచ్చిన విద్యార్థి – మన బాధ్యత

మనల్ని పుట్టించి, పోషించి, ఈ శుక్రవారం మరొకసారి తన గృహంలో ఒక్కచోట చేర్చిన అల్లాహ్‌కు కృతజ్ఞతలు సమర్పించుకుంటున్నాము. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పైనా, వారి కుటుంబీకులపైనా, సహచరులందరిపైనా శాంతి, శుభాలు కురియాలని వేడుకుంటున్నాము.

సోదర సోదరీమణులారా!

ఇది కాలేజీలలో ప్రవేశాలు జరిగే కాలం. ఆదిలాబాదు, ఖమ్మం, కర్నూలు, కడప మొదలైన జిల్లాల నుండి వేలాది యువతీ యువకులు హైదరాబాదు చేరుకుంటున్నారు. ఇమ్లీబన్ బస్సు స్టేషనులో ఒక చేతిలో పెట్టె, మరొక చేతిలో సర్టిఫికెట్ల సంచి పట్టుకొని దిగుతున్నారు. వారిలో చాలామందికి నగరంలో తెలిసిన గడప ఒక్కటి కూడా ఉండదు. తల్లి మెడలోని గొలుసు కుదువపెట్టి పంపిన బిడ్డలు వారిలో ఉన్నారు. తమ ఇంట మొట్టమొదట కాలేజీ గుమ్మం తొక్కుతున్నవారూ ఉన్నారు.

ఇలాంటి విద్యార్థి చదువు మధ్యలో ఆగిపోయినప్పుడు, తెలివి చాలలేదని లోకం అనుకుంటుంది. అయితే చాలా సందర్భాలలో మొదటి నెలలోనే చిక్కులు మొదలై ఉంటాయి. గది దొరకదు. దొరికినా అడ్వాన్సుకే చేతిలోని డబ్బు చెల్లిపోతుంది. ఏదో ఒక పత్రం తక్కువై స్కాలర్‌షిప్ దరఖాస్తు ఆగిపోతుంది. జ్వరం వస్తే మంచినీళ్ళు అందించేవారుండరు. తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లవానికి తరగతిలో ఇంగ్లీషు అర్థం కాదు, ఆ మాట చెప్పుకోవడానికి మనిషి దొరకడు. ఒకరోజు నిశ్శబ్దంగా పెట్టె సర్దుకొని ఊరికి తిరిగి వెళ్ళిపోతాడు. ఒక కుటుంబం ఏళ్ళ తరబడి కూడబెట్టిన ఆశ అక్కడితో ముగిసిపోతుంది.

ఈ విషయంలో మన ధర్మం మనకేమి నేర్పుతున్నదో నేడు ఆలోచిద్దాము.

క్రీ.శ. 622లో దైవప్రవక్త (స) మక్కా విడిచి మదీనా చేరుకున్నారు. వారి సహచరులు ఇల్లూ వాకిలీ వదులుకొని వచ్చారు. కొత్త ఊరు, కొత్త వాతావరణం, చేతిలో చిల్లిగవ్వ లేని పరిస్థితి. అప్పుడు ప్రవక్త (స) ఒక్కొక్క ముహాజిర్‌ను ఒక్కొక్క అన్సారీతో జతపరచి, వారిద్దరినీ సోదరులుగా ప్రకటించారు. ఆదుకోవలసిన బాధ్యత అందరిదీ అని చెప్పి ఊరుకుంటే అది ఎవరిదీ కాకుండా పోతుంది. అందుకే ఫలానావారి బాధ్యత ఫలానావారిదని పేరుపేరునా అప్పగించారు. తమకే అవసరమున్నప్పటికీ వలస వచ్చిన సోదరులకు ప్రాధాన్యమిచ్చిన ఆ అన్సార్లను దివ్య ఖుర్ఆన్ 59వ సూరా అల్ హష్ర్ 9వ వాక్యంలో అల్లాహ్ ప్రశంసించాడు.

ఈ సోదర బంధంలో హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి)కి సోదరులయ్యారు. సఅద్ మదీనాలోని సంపన్నులలో ఒకరు. తన ఆస్తిలో సగం తీసుకోమని ఆయన ముందుకు వచ్చారు. అబ్దుర్రహ్మాన్ ఆ సోదరుని సంపద కోసం, కుటుంబం కోసం శుభం కోరి, తనకు బజారు ఎక్కడున్నదో చూపిస్తే చాలునన్నారు. ఆయనకు ఖైనుఖా బజారుకు దారి చూపించారు. నెయ్యి, జున్ను వంటి సరుకులతో వ్యాపారం ప్రారంభించి కొద్దికాలంలోనే ఆయన తన కాళ్ళపై నిలబడ్డారు.

సోదరులారా! ఈ సంఘటనలో ఇద్దరి గొప్పతనమూ ఉన్నది. ఇచ్చేవారు సగం ఆస్తికి సిద్ధపడ్డారు. పుచ్చుకునేవారు దారి మాత్రమే కోరారు. కొత్త ఊరికి వచ్చిన మనిషికి సహాయం చేయడమంటే ఇదే. అతని పనులన్నీ మనమే చేసిపెట్టనవసరం లేదు. అతడు తన పని తాను చేసుకోగలిగేలా బజారుకు దారి చూపించాలి. అంతగా సహాయం చేస్తే పిల్లలు సోమరులవుతారని భయపడేవారికి కూడా ఈ సంఘటనలోనే సమాధానమున్నది.

మదీనా మస్జిద్‌లో సుఫ్ఫా అనే నీడపట్టు ఉండేది. ఇల్లూ, బంధువులూ లేనివారు అక్కడ ఉంటూ విద్య నేర్చుకునేవారు. హజ్రత్ అబూ హురైరా (రజి) వారిలో ఒకరు. వారి భోజనం విషయంలో ప్రవక్త (స) ఒక ఏర్పాటు చేశారు. ఇద్దరికి సరిపడే భోజనమున్న ఇంటివారు మూడో మనిషిని తీసుకువెళ్ళాలన్నారు. నలుగురికి సరిపడే భోజనమున్నవారు ఐదో మనిషినో, ఆరో మనిషినో తీసుకువెళ్ళాలన్నారు. ఎవరి శక్తికి తగినట్లుగా వారికి వాటా పంచారు. ఒక్క ధనవంతుని కోసం ఎదురుచూడలేదు.

మరొక సంఘటన మన హృదయాలను కదిలించవలసినది. హజ్రత్ మాలిక్ బిన్ హువైరిస్ (రజి) ఇంచుమించు తన ఈడువారైన యువకులతో కలసి ప్రవక్త (స) సన్నిధికి విద్య కోసం వచ్చి 20 రాత్రులు గడిపారు. వారికి ఇంటిమీద బెంగ కలిగిందని ప్రవక్త (స) వారు చెప్పకుండానే గ్రహించారు. ఇంటి దగ్గర ఎవరెవరిని వదలి వచ్చారో వాకబు చేశారు. తిరిగి వెళ్ళి, నేర్చుకున్నది తమవారికి నేర్పమని ప్రేమతో సాగనంపారు. బెంగపడటం బలహీనత అని మందలించలేదు. విద్యార్థి ముఖం చూసి మనసు తెలుసుకోవడం కూడా దైవప్రవక్త (స) సంప్రదాయమేనని దీనివల్ల మనకు తెలుస్తున్నది.

ఇక మనమేమి చేయాలి? ప్రతి మస్జిద్ కమిటీ, ప్రతి పేట ఆచరించగలిగిన కొన్ని పనులను మీ ముందుంచుతున్నాము.

మొదటిది, నివాసం. మన పేటలో అద్దెకున్న గదుల వివరాలను ఇద్దరు ముగ్గురు బాధ్యత కలిగినవారు సేకరించి ఉంచాలి. నీరు వస్తుందా, తలుపుకు గట్టి గడియ ఉన్నదా, కాలేజీకి బస్సు దొరుకుతుందా అని స్వయంగా చూడాలి. ఆడపిల్లల హాస్టళ్ళను మన స్త్రీలే వెళ్ళి చూసి రావాలి. అద్దె ఎంత, అడ్వాన్సు ఎంత, ఖాళీ చేసేటప్పుడు ఎంత తిరిగి ఇస్తారు అన్నది కాగితంపై రాయించి, రసీదు ఇప్పించాలి. అసలు సర్టిఫికెట్లను ఎవరి చేతిలోనూ తాకట్టుగా పెట్టవద్దని పిల్లలకు చెప్పాలి. కాలేజీలు సైతం తనిఖీ పూర్తయిన తరువాత అసలు సర్టిఫికెట్లను తమ వద్ద ఉంచుకోరాదని యూజీసీ 2018లో స్పష్టం చేసింది.

ఇక్కడ ఇళ్ళ యజమానులైన సోదరులకు ఒక మాట. ఊరు తెలియని పిల్లవాని దగ్గర ఎక్కువ అద్దె గుంజడం, సున్నం వేయించాలనే సాకుతో అడ్వాన్సు మింగివేయడం తూకంలో మోసం చేయడం వంటిదే. తూకంలో మోసగించిన మద్‌యన్ జాతి గతి ఏమయిందో ఖుర్ఆన్ మనకు తెలియజేసింది. ఆ అడ్వాన్సు మీ దగ్గర అమానత్. దానికి తీర్పు దినాన లెక్క చెప్పవలసి ఉంటుంది.

రెండవది, పత్రాలు. బోనఫైడ్ సర్టిఫికెట్, ఆదాయ ధ్రువపత్రం, బ్యాంకు ఖాతా, ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం ఈ-పాస్ దరఖాస్తు, విద్యార్థి బస్సు పాసు: వీటిలో ఏది ఆలస్యమైనా నష్టమే. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుండి మహిళలకు ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణం అమలులో ఉన్నది. అయితే అది ఈ రాష్ట్ర నివాసులకే. కర్నూలు నుండి వచ్చిన అమ్మాయి విద్యార్థి పాసు తీసుకోవలసి ఉంటుందని ముందే చెప్పేవారుండాలి. మన జమాఅత్‌లో ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు, మీ-సేవా నడిపేవారు ఉన్నారు. వారంలో ఒక సాయంత్రం మగ్రిబ్ నమాజు తరువాత ఒక గంట కూర్చుంటే ఎందరి పనులో చక్కబడతాయి.

మూడవది, భోజనం, ఆరోగ్యం. అతిథికి మూడు రోజుల ఆతిథ్యం మన సంప్రదాయం. కొత్తగా వచ్చిన విద్యార్థికి ఆ మూడు రోజుల భోజనం వంతులవారీగా మన ఇళ్ళ నుండి అందాలి. అతని పేరు, తల్లిదండ్రుల ఫోన్ నెంబరు ఒక పుస్తకంలో రాసి ఉంచాలి. దగ్గరలోని బస్తీ దవాఖానా ఎక్కడున్నదో చూపించాలి. అత్యవసరమైతే 108కి ఫోన్ చేయాలని చెప్పాలి. రెండు రోజులు కనిపించకపోతే తలుపు తట్టి పలకరించాలి.

నాల్గవది, నగరం. మొదటి ఆదివారం ఒక యువకుడు కొత్త విద్యార్థులను వెంటబెట్టుకొని వెళ్ళి బస్సు, మెట్రో మార్గాలు చూపించాలి. 1891లో అసఫియా గ్రంథాలయంగా వెలసి, నేడు అఫ్జల్‌గంజ్‌లో ఉన్న రాష్ట్ర కేంద్ర గ్రంథాలయాన్ని, చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయాన్ని చూపించాలి. ఇరుకు గదిలో చదువుకోలేని పిల్లలకు ఆ బల్లలే ఆశ్రయం. నమాజు వేళలు కాని సమయంలో మన మస్జిద్ మూలన ఒక దీపం, ఒక ఫ్యాను చదువుకునేవారి కోసం వెలిగితే అది సుఫ్ఫాను తలపించదా?

ఐదవది, మనసు. పైన చెప్పిన 20 రాత్రుల సంగతి గుర్తుంచుకోండి. మూడవ వారం నాటికి మొదటి సంబరం తగ్గి, బెంగ పెరగవచ్చు. అప్పుడు ఒక సీనియర్ విద్యార్థి పక్కన కూర్చొని టీ తాగుతూ మాట్లాడితే ఎంతో భారం దిగుతుంది. పిల్లవాడు నిద్ర, తిండి మాని ముడుచుకుపోతే కోప్పడవద్దు. ప్రభుత్వ టెలీ మానస్ 14416 నెంబరుకు అతనిచేత మాట్లాడించండి, వైద్యునికి చూపించండి. చికిత్స కోరడం విశ్వాసానికి విరుద్ధం కాదు. ర్యాగింగ్ బాధ ఉంటే 1800-180-5522కు ఫిర్యాదు చేయవచ్చు. ఫోన్లో అప్పులిచ్చే యాప్‌ల వడ్డీ ఊబిలో దిగవద్దని ముందే హెచ్చరించండి. మోసపోయినవారు సిగ్గుపడి దాచకుండా వెంటనే 1930కి తెలియజేయాలి.

సోదరులారా! వీటికి డబ్బు ఎక్కడిదని అడగవచ్చు. ఇందులో చాలా పనులకు కావలసింది మన సమయమే. డబ్బు అవసరమైన చోట మన ధర్మం దారి చూపింది. 9వ సూరా అత్ తౌబా 60వ వాక్యం పేర్కొన్న జకాత్ అర్హులైన 8 వర్గాలలో బాటసారి కూడా ఉన్నాడు. సొంత ఊరిలో ఆస్తి ఉన్నా, ప్రయాణంలో చేతిలో డబ్బు లేక చిక్కుకున్నవాడు ఈ కోవలోకి వస్తాడని ధర్మవేత్తలు వివరించారు. ఏ విద్యార్థికి జకాత్ నుండి, ఎవరికి సదఖా నుండి ఇవ్వాలో మీ ఆలిములను అడిగి నిర్ణయించుకోండి. ఇచ్చేటప్పుడు నలుగురిలో పేరు చదవకండి, ఫోటో తీయకండి. ఆ బిడ్డ ఆత్మగౌరవం మన దానం కంటే విలువైనది.

ముక్కూ మొహం తెలియనివారిని ఎలా నమ్మడమని కొందరికి సందేహం కలుగుతుంది. కాలేజీ గుర్తింపు కార్డు చూడండి, తల్లిదండ్రులతో మాట్లాడండి. జాగ్రత్త పడటం తప్పు కాదు, జాగ్రత్త పేరుతో తలుపు మూయడం తప్పు. అలాగే ఈ సహాయం మన సమాజం పిల్లలకే పరిమితం కారాదు. పక్క గదిలో శ్రీకాకుళం నుండి వచ్చిన హిందూ సోదరుని బిడ్డ జ్వరంతో పడి ఉంటే అతడు మన పొరుగువాడు. పొరుగువాని హక్కు అతని మతాన్ని బట్టి మారదు.

జిల్లాల్లోని మస్జిద్‌లలో ఈ ప్రసంగం వింటున్న తల్లిదండ్రులారా! బిడ్డను పంపే ముందే ఆ పేట మస్జిద్ వారికి తెలియజేయండి. రోజూ మార్కుల గురించే కాక, తిన్నావా, నిద్ర పట్టిందా అని కూడా అడగండి. కూతురికి సీటు వచ్చినా నగరంలో దిక్కెవరని ఆమె చదువు మాన్పించకండి. ఆ దిక్కు తామవుతామని చెప్పవలసిన బాధ్యత నగరంలోని మస్జిద్‌లది.

విద్యార్థులారా! నేడు మీకు ఎవరో దారి చూపారు. వచ్చే ఏడు ఇదే నెలలో బస్సు దిగే మరొకరికి మీరు దారి చూపండి. ఆ రుణం తీర్చుకునే మార్గం అదే.

నేటి నమాజు ముగిసిన తరువాత కమిటీ సభ్యులు ఒక పావుగంట ఆగి, పైన చెప్పిన ఐదు పనులకు ఐదు పేర్లు రాసుకోవాలని కోరుతున్నాము. పేరు రాయని బాధ్యత నెరవేరదు.

ఓ అల్లాహ్! విద్య కోసం ఇల్లు విడిచిన బిడ్డలందరినీ నీ రక్షణలో ఉంచు. వారి తల్లుల హృదయాలకు నెమ్మదినివ్వు. మా ఇళ్ళ తలుపులను, మా మనసులను వారి కోసం తెరచి ఉంచే భాగ్యం మాకు ప్రసాదించు. అన్సార్ల అడుగుజాడలలో మమ్మల్ని నడిపించు. ఆమీన్.