సారె నేర్పు పాఠము

రాయలసీమ వేసవిలో మట్టికుండకు మించిన చుట్టము లేదు. గాలి ఎంత పొడిగా నుండునో, కుండపై ఊరిన చెమ్మ అంత వేగముగ ఆవిరియై లోని నీటిని చల్లబరచును. బనగానపల్లె చెంత పాతపాడున దొరకిన చిత్రిత పాత్రలను చూడగా, కర్నూలు సీమలో మట్టిపని వేల ఏండ్ల నాటిదని తెలియును.

శని, ఆదివారములలో సారె నేర్వ వచ్చిన వారికి మొదటి పాఠము మట్టిముద్దను సారె నడుమ నిలుపుట. ముద్ద ఇసుమంత ఒరిగినను కుండ అంచు వంకరపోవును. మోచేతులు తొడలకానించి, తడిచేతులతో నిదానముగ అదుమవలెను.

రెండు దినములలో కుండ కుదురదు. అయినను నష్టము లేదు. ఆపై సంతలో కుండ కొనునప్పుడు బేరమాడ నోరు రాదు. కుమ్మరి బిడ్డ సారె విడువకుండుటకు మన మెచ్చుకోలు చాలదు; తగిన వెలయు కావలెను.